చెవిలో జోరీగ: సౌండ్ కార్డు కొనేముందు

వేసవిలో న్యూజెర్సీలో శనివారం రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి విజయవాడలో ఆదివారం ఉదయం ఏడవుతుంది. మా తమ్ముడూ నేనూ కలిసి కౌంటర్‌స్ట్రైక్ 2 ఆడే వేళ అది. ఆట ఒక వంక మాత్రమే. అమ్మ మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి మేడమీద నీళ్ల ట్యాంకు రిపేరు దాకా కబుర్లన్నీ ఆ గంటన్నరలోనే.

ఆ మధ్య నా హెడ్‌ఫోన్లలో సన్నటి కూత ఒకటి మొదలైంది. మౌసు కదిపితే ఒక రాగం, ఆట మొదలైతే ఇంకో రాగం. అది వినపడకుండా వాల్యూము పెంచడం అలవాటు చేసుకున్నాను. ఓ రాత్రి ఆట ముగించి, కంప్యూటరు కట్టేసి పడుకున్నాక కూడా చెవుల్లో గుయ్యిమంటూనే ఉంది. ఆపేసిన కంప్యూటరు కూత పెట్టదు కదా! భయం వేసింది.

మర్నాడే వంద డాలర్ల పైచిలుకు పోసి ఒక సౌండ్ కార్డు కొన్నాను. స్లాటులో బిగించి, ముందు ప్యానెలు తీగను దానికి తగిలించి, ఎప్పటిలా కేసు ముందున్న రంధ్రంలోనే హెడ్‌ఫోన్లు పెట్టాను. జోరీగ అక్కడే ఉంది!

తమ్ముడికి చెబితే, "అన్నయ్యా, వెనకాల పెట్టి చూశావా?" అన్నాడు. చూడలేదు. పెట్టి చూస్తే నిశ్శబ్దం. కార్డు తీసేసి మదర్‌బోర్డు వెనక రంధ్రంలో పెట్టినా దాదాపు అంతే నిశ్శబ్దం. అంటే నేను కార్డు మార్చాను గానీ తీగ మార్చలేదన్నమాట. ముందు ప్యానెలుకు వెళ్లే సన్నటి తీగ గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి పోతూ దాని విద్యుత్ రొదను మోసుకొచ్చేది. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడికి తట్టని సంగతి ఇది!

ఇంతకీ సౌండ్ కార్డు చేసే పనేమిటి? అంకెల్ని విద్యుత్ తరంగాలుగా మారుస్తుంది, హెడ్‌ఫోన్లను నడిపే బలం ఇస్తుంది, మైకులోంచి వచ్చే గొంతును తిరిగి అంకెలుగా మారుస్తుంది. ఒకప్పుడు ఇంకో పెద్ద పని కూడా ఉండేది. 1989లో సౌండ్ బ్లాస్టర్ వచ్చేనాటికి మామూలు పీసీకి ఉన్నది బీప్‌మనే స్పీకరే. 1998లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ లైవ్ అయితే గుహలో ప్రతిధ్వని లాంటి లెక్కలు కూడా తానే కట్టేది. 2007లో విస్టాతో మైక్రోసాఫ్ట్ ఆడియో వ్యవస్థను తిరగరాయడంతో, డైరెక్ట్‌సౌండ్ ద్వారా ఆటలు ఆ లెక్కల్ని నేరుగా కార్డుకు అప్పజెప్పే దారి మూసుకుపోయింది. ఇవాళ ఆ లెక్కలు చాలావరకు ప్రాసెసరే కడుతోంది. కాబట్టి ఖరీదైన కార్డు కొంటే శత్రువు అడుగులు వాటంతటవే వినిపిస్తాయనుకోవద్దు.

డబ్బు పెట్టేముందు నాలుగు సంగతులు చూసుకోండి.

ఒకటి, మీది యూఎస్‌బీ హెడ్‌సెట్టా? అయితే సౌండ్ కార్డు అందులోనే ఉంది. వేరే కార్డు కొన్నా, శబ్దం దాని గుమ్మం తొక్కదు.

రెండు, రొద ఉంటే ముందు వెనక రంధ్రంలో పెట్టి చూడండి. అక్కడా ఉంటే కేసు బయట ఉండే చిన్న యూఎస్‌బీ అడాప్టరు చాలు. నేను చివరికి కార్డు వాపసు ఇచ్చేసి అదే కొన్నాను.

మూడు, ఇంపెడెన్సు. 16 నుంచి 32 ఓముల హెడ్‌ఫోన్లను మామూలు రంధ్రమే నడపగలదు. 250, 300 ఓముల వాటికి తరచు మంచి ఆంప్లిఫయరు కావాలి. కొనే పరికరం అవుట్‌పుట్ ఇంపెడెన్సు హెడ్‌ఫోన్ల దాంట్లో ఎనిమిదో వంతు మించకుండా చూసుకోవడం వాడుకలో ఉన్న లెక్క. 32 ఓములకు 4 అన్నమాట.

నాలుగు, ప్లగ్గు. మైకూ స్పీకరూ ఒకే ప్లగ్గులో ఉంటే దానిమీద మూడు నల్ల గీతలుంటాయి. పీసీలో ఆకుపచ్చ, గులాబీ రంధ్రాలు విడిగా ఉంటే రెండుగా చీల్చే తీగ కావాలి.

ఇక అమరిక. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ లోకి వెళ్లి మీ పరికరాన్ని ఎంచుకోండి. ఫార్మాట్ 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టండి. అసలు కిటుకు స్పేషియల్ ఆడియో దగ్గరుంది. కుడివైపు శబ్దం ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఆలస్యంగా, కాస్త మెత్తబడి చేరుతుంది. మెదడు దిక్కును పసిగట్టేది ప్రధానంగా దీనివల్లే. కౌంటర్‌స్ట్రైక్ 2 లాంటి ఆటలు ఈ తేడాను తామే కల్పిస్తాయి. దానిమీద విండోస్ వాళ్లది ఒకటి, హెడ్‌సెట్ వాళ్ల 7.1 ఇంకొకటి వేస్తే, వడకట్టిన కాఫీని మళ్లీ పొడిలో పోసినట్టే. ఏదో ఒక్కటే ఉంచండి. ఆటలో ఆ వసతి ఉంటే మిగతావన్నీ ఆపేయండి.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది వాల్యూము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు సురక్షితం. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 90కి చేరితే మిగిలేది వారానికి నాలుగు గంటలే. రొదను కప్పడానికి వాల్యూము పెంచితే ఖర్చయ్యేది మన చెవులే.

ఆడియాలజిస్టు పరీక్షలో నా వినికిడి మామూలుగానే ఉందని తేలింది. చెవిలో గుయ్యిమనడం కూడా కొన్ని వారాల్లో తగ్గిపోయింది. మీకు అలా ఉంటే కార్డు సంగతి తర్వాత, ముందు డాక్టరును కలవండి.

ఇప్పుడు నా వాల్యూము మునుపటి దాంట్లో సగం. మొన్న ఆట మధ్యలో తమ్ముడి మైకులోంచి కుక్కరు కూత, దాని వెనకే "వాడు అన్నం తిన్నాడా అడుగు" అంటూ అమ్మ గొంతు వినిపించాయి. అమ్మ ప్రతి ఆదివారమూ అడుగుతుందట. ఆ జోరీగ గోలలో ఇన్నాళ్లూ నాకే వినపడలేదు.