ఉగ్గుగిన్నెలో మాంసకృత్తులు

పోయిన ఏడు తొమ్మిదో తరగతిలో ఆహార పదార్థాల పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి నిలబడింది. "మాష్టారూ, పప్పులో మాంసకృత్తులు ఎక్కువని చెప్పారు గదా. మా తమ్ముడికి రోజూ పప్పు పెడుతూనే ఉన్నాం. అంగన్‌వాడీలో తూచినప్పుడు మాత్రం మూడు నెలలుగా బరువు పెరగలేదంటున్నారు. ఎందుకని?" అని అడిగింది.

తమ్ముడికి తొమ్మిది నెలలు. పప్పు ఎలా పెడతారని అడిగాను. వాళ్ళ నాయనమ్మ కందిపప్పు ఉడకబెట్టి దించి, కాసేపు కదపకుండా ఉంచుతుందట. పైకి తేరిన కట్టును గరిటెతో తీసి, అన్నంలో పోసి, జారుగా పిసికి తినిపిస్తుందట. అడుగున మిగిలిన పప్పు పెద్దవాళ్ళకు. బలమంతా కట్టులోకి దిగుతుందనీ, పప్పు పెడితే పసివాడికి మందం చేస్తుందనీ ఆవిడ నమ్మకం.

నవ్వకండి. నా పెద్దకూతురికి మా ఇంట్లోనూ ఇలాగే పెట్టాము. అప్పటికి నేను బి.ఇడి. పూర్తి చేసి, "పప్పుధాన్యములు దేహ నిర్మాణమునకు తోడ్పడును" అని పిల్లలకు నోట్సు చెప్పి వ్రాయిస్తున్నవాణ్ణే. మా ఇంటి ఉగ్గుగిన్నెలోకి ఏం పోతున్నదో చూడాలని మాత్రం తోచలేదు. ఏడాది నిండేసరికి పిల్ల చేతులు పుల్లల్లా అయినాయి. అందుకని ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు నోటితో చెప్పకుండా మర్నాడు ప్రయోగశాలలో చూపించాను.

పసుపు వేయకుండా ఉడికించిన కందిపప్పు తెప్పించాము. (పసుపు ఎందుకు వద్దు? క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, మనం చూడదలచిన రంగును చెడగొడుతుంది.) ఒక పరీక్షనాళికలో తేట కట్టు, రెండోదానిలో నీళ్ళు కలిపి మెత్తగా మెదిపిన పప్పు తీసుకున్నాము. రెండింటిలోనూ కాస్త సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలిపి, పలుచని మైలుతుత్తం ద్రావణం నాలుగు చుక్కలు వేశాము. మాంసకృత్తులు ఉంటే ఊదారంగు వస్తుంది. మెదిపిన పప్పులో ముదురు ఊదా వచ్చింది. కట్టులో రంగు ఉన్నదా లేదా అని పిల్లలు నాళికను కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళి వాదులాడుకున్నారు. తరువాత ఒక గ్లాసు కట్టును పింగాణి పాత్రలో పోసి సన్నని మంట మీద ఆవిరి చేశాము. అడుగున మిగిలింది పసుపుపచ్చని పలుచటి పొర, అంతే. మాంసకృత్తులు ఉప్పులాగా నీళ్ళలో కరిగి పైకి వచ్చేవి కావు. ఉడికినప్పుడు అవి గడ్డకట్టి పప్పులోనే ఉండిపోతాయి. (సోడియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని తినేస్తుంది. ఈ ప్రయోగం మాష్టారు దగ్గర ఉన్నప్పుడే చేయండి.)

పసిబిడ్డకు ఈ మాంసకృత్తుల అవసరం ఎంత? పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ అయిదారు నెలలకు ఆరు కిలోలు, ఏడాదికి తొమ్మిది కిలోలు తూగుతుంది. మీరూ నేనూ తిన్న మాంసకృత్తులు ఎక్కువగా మరమ్మతులకే పోతాయి. బిడ్డ ఒంట్లో మరమ్మతులతో పాటు క్రొత్త కట్టడం కూడా సాగుతూ ఉంటుంది. అందుకే కిలో బరువుకు లెక్కవేస్తే పెద్దవాళ్ళకు కావలసినదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు బిడ్డకు కావాలి. ఆరు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు రోజుకు సుమారు 10 గ్రాములు. ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు. ఆ తరువాత పాలు ఇస్తూనే గట్టి ఆహారం మొదలుపెట్టాలి. మన అన్నప్రాశన సరిగ్గా ఆ వేళకే వస్తుంది. అయితే చాలా ఇళ్ళలో ఆ రోజున పరమాన్నం నాలుక్కి తాకించి, మర్నాటి నుంచి మళ్ళీ చారునీళ్ళే.

తొమ్మిది నెలల బిడ్డకు ఒక రోజు లెక్క వేద్దాం. అర లీటరు తల్లిపాలు తాగితే 5 నుంచి 6 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. 40 గ్రాముల బియ్యం వండి పెడితే దాదాపు 3 గ్రాములు. 15 గ్రాముల పెసరపప్పు మెత్తగా ఉడికించి, మెదిపి అందులో కలిపితే మూడున్నర గ్రాములు. మొత్తం 12 గ్రాములకు దగ్గరగా వచ్చింది. ఖరీదయిన డబ్బాపొడి ఏదీ ఇందులో లేదు. ఇప్పుడు పప్పు తీసేసి కట్టు పోయండి. మూడున్నర గ్రాములు దాదాపు పూర్తిగా పోయినాయి. కట్టు పోసి జారుగా చేస్తే బిడ్డ పొట్ట నీళ్ళతోనే నిండుతుంది కాబట్టి అన్నం కూడా తగ్గుతుంది. తొమ్మిది నెలల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది కిలో బరువుకు 30 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు. ఆ గ్లాసులో ఏం పోస్తామన్నదే ప్రశ్న.

లెక్కలో ఇంకొక మెలిక ఉన్నది. మాంసకృత్తులన్నీ ఒకటి కావు. అవి ఆమినో ఆమ్లాలనే చిన్న అణువులు గొలుసుగా కూడినవి. వాటిలో తొమ్మిదింటిని మన శరీరం తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. బెజవాడ పూలమార్కెట్టులో మాల కట్టేవాళ్ళను చూడండి. నాలుగు మల్లెలకు రెండు కనకాంబరాలు చొప్పున కడుతున్నారనుకోండి. కనకాంబరాలు అయిపోతే బుట్టలో మల్లెలు ఎన్ని మిగిలినా ఆ మాల అక్కడితో ఆగిపోతుంది. బియ్యంలో లైసిన్ అనే ఆమినో ఆమ్లం తక్కువ. పప్పులో అది పుష్కలం. పప్పులో తక్కువయిన మెథియోనిన్ బియ్యంలో ఉన్నది. రెండూ కలిపి పెడితే ఒకదాని కొరతను ఇంకొకటి తీరుస్తుంది. ఆమినో ఆమ్లాల పేరు వినని మన పూర్వులు పప్పన్నం, పులగం, ఇడ్లీ ఏ లెక్కతో కనిపెట్టారోగాని, అన్నిటిలోనూ ఈ జోడీయే.

కృష్ణా డెల్టాలో ఉన్నవాళ్ళకు ఈ జోడీ పొలంలోనే కనిపిస్తుంది. వరికోతకు కొద్ది రోజుల ముందు, చేలో తేమ ఉండగానే మినుములు చల్లుతారు. వరి కోసి పనలు తీసేసరికి క్రింద మొలకలు లేచి ఉంటాయి. ఆ పైన నీళ్ళు కట్టకపోయినా నేలలోని తేమతో, మంచుతో పైరు ఎదుగుతుంది. ఒక మినుపమొక్కను పీకి వేళ్ళు చూడండి, చిన్న బుడిపెలుంటాయి. వాటిలోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. నత్రజని లేనిదే మాంసకృత్తులు లేవు. వంద గ్రాముల బియ్యంలో ఏడెనిమిది గ్రాములుండే మాంసకృత్తులు మినప్పప్పులో 24 దాకా ఉండటానికి ఈ బుడిపెల సాయం చాలా ఉన్నది.

మరి మాంసకృత్తులు పెంచితే సరిపోతుందా? ఒకప్పుడు ప్రపంచమంతా అలాగే అనుకున్నది. ఆఫ్రికాలో గోల్డ్‌కోస్టు (నేటి ఘనా)లో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు 1933లో ఒక శిశువ్యాధిని వర్ణించింది. పిల్లలకు కాళ్ళు వాస్తాయి, జుట్టు రంగు మారుతుంది, చర్మం పొరలుగా ఊడుతుంది. అక్కడివాళ్ళు దానిని క్వాషియోర్కర్ అంటారు. తమ్ముడో చెల్లెలో పుట్టటంతో తల్లిపాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. మాంసకృత్తుల లోపమే కారణమని అందరూ తలచారు. 1968లో ఐక్యరాజ్యసమితి ముంచుకు వచ్చే మాంసకృత్తుల కొరత గురించి ఒక నివేదికే వెలువరించింది.

దీనిని నిదానంగా పరిశీలించినవారిలో ముఖ్యులు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు. 1918లో నీలగిరులలోని కూనూరులో ఒక్క గదిలో మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదు వచ్చింది. అదే 1918లో సేలంలో పుట్టిన డాక్టర్ సి. గోపాలన్ 1960ల నుంచి దానికి డైరెక్టరుగా ఉన్నారు. కాళ్ళు వాచిన పిల్లలు, ఎండి శల్యమైన పిల్లలు ఒకే రకం తిండి తింటున్నవాళ్ళేనని ఆయన గమనించారు. అంటే ఒక జబ్బుకు మాంసకృత్తుల లోపం, రెండోదానికి కేలరీల లోపం అని గీత గీయటానికి వీలులేదన్నమాట. తరువాత ఆయన బృందం పల్లెల్లోని అయిదేళ్ళలోపు పిల్లలకు 14 నెలలపాటు గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన తినుబండారం ఇచ్చింది. రోజుకు అందులో ఉన్నవి సుమారు 300 కేలరీలు, మాంసకృత్తులు 3 గ్రాములే. అయినా ఆ పిల్లలు ఎత్తులోనూ, బరువులోనూ మిగతావారికంటె బాగా పెరిగారు. 1973లో ఈ ఫలితాలు అచ్చయినాయి.

ఎందుకలా అయింది? వంటచెరకు అయిపోయిన ఇల్లాలు ఇల్లు కట్టటానికి తెచ్చిన కలపనే పొయ్యిలో పెట్టిందనుకోండి, ఇక గోడ మీదికి దూలం ఎక్కదు. శరీరం కూడా కేలరీలు చాలకపోతే మాంసకృత్తులనే ఇంధనంగా కాల్చేస్తుంది. ఉగ్గులో ఒక చెంచా నెయ్యిగాని, నూనెగాని వేస్తే 45 కేలరీలు వస్తాయి, పప్పులోని మాంసకృత్తులు కండకు దక్కుతాయి. అంతమాత్రాన మాంసకృత్తుల సంగతి మరచిపొమ్మని కాదు. గంజి ఎంత తాగినా లైసిన్ రాదు గదా.

ఆ సంస్థవారే ఇంట్లో చేసుకునే ఒక పొడిని రూపొందించారు. హైదరాబాదు మిశ్రమం అంటారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగ గింజలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములలో 330 కేలరీలు, 11 గ్రాముల పైన మాంసకృత్తులు. (రెండేళ్ళలోపు పిల్లలకు తీపి కలపవద్దన్నది ఇప్పటి సలహా. బెల్లం మానేస్తే కేలరీలు తగ్గుతాయి, ఆ మేరకు నెయ్యి వేయాలి.) వేరుశనగ బూజు పట్టనిదై ఉండాలి, మెత్తగా పొడి కొట్టాలి. పసివాళ్ళకు గింజలుగా పెడితే గొంతుకు అడ్డంపడే ప్రమాదం ఉన్నది. అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతం ఈ కోవలోదే. మా విద్యార్థినిని ఆ ప్యాకెట్టు ఏమైందని అడిగితే తల వంచుకుని, "లడ్డూలు చేసుకుని అందరం తిన్నాం మాష్టారూ" అన్నది.

పప్పు మందం చేస్తుందన్న నాయనమ్మ మాటలో కొంత నిజం లేకపోలేదు. పచ్చి పప్పులో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థాలున్నాయి. బాగా ఉడికితే అవి చాలావరకు నశిస్తాయి. పేగులో పులిసి గాలి చేసే ఒక రకం చక్కెరలు కూడా ఉన్నాయి. పప్పు నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే అవి తగ్గుతాయి. పొట్టు తీసిన పెసరపప్పుతో బాధ తక్కువ కాబట్టి దానితో మొదలుపెట్టి తరువాత కందిపప్పుకు వెళ్ళవచ్చు. గుడ్డు తినే ఇళ్ళలో ఆరు నెలలు దాటాక బాగా ఉడికిన గుడ్డు కొంచెం కొంచెంగా అలవాటు చేయవచ్చు. ఒక్క గుడ్డులో 6 గ్రాముల మేలైన మాంసకృత్తులు. ముల్లు తీసిన చేప కూడా అలాంటిదే.

ఒక చిక్కు మిగిలింది. పొడి ఎక్కువ వేస్తే ఉగ్గు ముద్దయిపోయి బిడ్డ మింగలేదు, నీళ్ళు పోస్తే సత్తువ పోతుంది. దీనికి మొలకలలో ఉపాయం ఉన్నది. రాగులుగాని, గోధుమలుగాని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, సన్నని సెగ మీద కాస్త వేయించి పిండి పట్టించండి. మొలకెత్తేటప్పుడు గింజలో ఎమిలేజ్ అనే ఎంజైము పుడుతుంది. మన లాలాజలంలో ఉన్నదీ ఆ జాతిదే. ముద్దగా ఉడికిన ఉగ్గును దించి, కొద్దిగా చల్లారాక ఒక చెంచాడు ఈ పిండి కలిపితే, పిండిపదార్థపు పొడుగాటి గొలుసులను అది ముక్కలు చేస్తుంది. కొద్ది నిమిషాల్లో ముద్ద కాస్తా జారుతుంది. మళ్ళీ ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పెట్టాలి. మరీ కాగుతున్నప్పుడు కలిపితే ఎంజైము చచ్చిపోయి ముద్ద ముద్దగానే ఉంటుంది. మా క్లాసులో మొదటిసారి అదే జరిగింది.

ఆ అమ్మాయి తమ్ముడు మరుసటి నెల తూకంలో 300 గ్రాములు పెరిగాడు. కొన్నాళ్ళకు వాళ్ళ నాయనమ్మ బడి గేటు దగ్గర నన్ను ఆపి, "పప్పంతా పిల్లాడికి మెదిపి పెట్టమన్నారంట. మరి కట్టు ఏం చెయ్యమంటారు మాష్టారూ?" అన్నది. "చింతపండు పిసికి చారు పెట్టండమ్మా, పెద్దవాళ్ళం మనం తాగుదాం" అన్నాను.