సూది కుదిరితేనే అల్లిక

దోహాలో ఎండ నలభై అయిదు డిగ్రీలు తాకినా ఊలు ఉండకు సెలవు లేదు. ఖతార్‌లో అల్లే తెలుగు చేతులకు ఏ పనిముట్లు కావాలి, ఏవి అక్కర్లేదు?

2019 సెప్టెంబరులో ఖతార్ తన ప్రపంచకప్ ఫుట్‌బాల్ చిహ్నాన్ని విడుదల చేసింది. అందులో కొందరికి కప్పు కనిపించింది, కొందరికి 8 అంకె కనిపించింది. నిజానికి ఆ వంపులకు ఆధారం చలికాలంలో ఇక్కడివాళ్ళు భుజాన వేసుకునే ఊలు శాలువా. అల్ ఖోర్‌లో కట్టిన అల్ బైత్ స్టేడియమైతే ఏకంగా బెదూయిన్ల నేత గుడారం ఆకారమే. ఎడారి దేశం ప్రపంచం ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు తన గుర్తుగా ఎంచుకున్నవాటిలో దారం, ఊలు ఉన్నాయన్నమాట.

కాబట్టి “ఆ ఎండల్లో స్వెటర్లేంటమ్మా” అని ఊళ్ళోవాళ్ళు నవ్వినా, దోహాలో అల్లేవాళ్ళకు పనికి కరువు లేదు. వేసవిలో బయట ఎంత వేడో ఆఫీసుల్లో, మాల్స్‌లో ఏసీ చలి అంత. నూలు దారంతో అల్లిన పల్చటి కార్డిగన్ ఏడాదంతా పనికొస్తుంది. నవంబరు వచ్చిందంటే ఎడారి క్యాంపుల కాలం. ఖోర్ అల్ ఉదైద్ ఇసుక తిన్నెల మీద రాత్రిపూట పిల్లలకు ఊలు టోపీ పెట్టకపోతే మర్నాడు జలుబు ఖాయం. ఖతారీ మగవాళ్ళు తలగుడ్డ కింద పెట్టుకునే తెల్లటి గహ్ఫియా టోపీల్లోనూ అల్లిక జాలీ కనిపిస్తుంది.

నైలు నుంచి నరసాపురం దాకా

రెండు సూదుల అల్లిక చలిదేశాల్లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. ఇప్పటిదాకా దొరికిన పాత అల్లికల్లో పేరున్నవి మాత్రం మధ్యయుగపు ఈజిప్టు మేజోళ్ళు. అవి నూలు దారంతో, నీలం తెలుపు రంగుల్లో అల్లినవి. కొన్నింటి మీద అరబ్బీ అక్షరాల నమూనాలు కూడా ఉన్నాయి. స్పెయిన్‌లో 1275లో చనిపోయిన ఒక రాకుమారుడి సమాధిలో పట్టుదారంతో అల్లిన దిండుగలీబు దొరికింది. అరబ్బుల నేల మీద ఎదిగిన ఈ విద్య యూరప్‌లో ఇలా వేళ్ళూనింది.

ఒక్క కొక్కెం సూదితో చేసే క్రోషియా చాలా తర్వాతిది. అది పందొమ్మిదో శతాబ్దంలోనే ఊపందుకుంది. 1840ల్లో ఐర్లాండ్‌ను కరువు పట్టి పీడించినప్పుడు లేసు అల్లకం ఎన్నో ఇళ్ళకు తిండి పెట్టింది. దాదాపు అదే కాలంలో, 1844 ప్రాంతంలో, మిషనరీల ద్వారా లేసు అల్లకం గోదావరి తీరంలోని నరసాపురం చేరింది. అక్కణ్ణుంచి పాలకొల్లు, మొగల్తూరు, రాజోలు చుట్టుపక్కల పల్లెల్లోకి పాకింది. ఒక స్టీలు సూది, ఒక దారపు ఉండ. అరుగు మీద కూర్చుని ఆడవాళ్ళు అల్లిన టేబుల్ గుడ్డలు సముద్రాలు దాటి వెళ్ళాయి. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఈ లేసు కార్మికుల మీద ఒక పుస్తకమే రాశారు. ఇంటిపట్టున చేసే పని గనుక దాన్ని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టి, కూలిని ఎంత తక్కువకు దించారో అందులో చూపించారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఆ లేసు పల్లెల నుంచి, చుట్టుపక్కల కోనసీమ నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్ళినవాళ్ళు ఎందరో. ఖతార్‌లో ఉన్న ఏడు లక్షలకు పైగా భారతీయుల్లో తెలుగువాళ్ళ వాటా చిన్నదేమీ కాదు. అమ్మమ్మ చేతి లేసు చూస్తూ పెరిగి, ఇప్పుడు ఫోన్‌లో వీడియో పెట్టుకుని మళ్ళీ సూది పట్టుకుంటున్న తరం ఇది. వీళ్ళకు ఎదురయ్యే మొదటి చిక్కు దుకాణంలోనే. గోడ నిండా వేలాడే పనిముట్లలో ఏది కొనాలి?

ముందు ఇవి చాలు

మొదటిది, దారానికి సరిపోయే సూది. సన్నని లేసు దారానికి 0.6 నుంచి 1.75 మిల్లీమీటర్ల స్టీలు సూదులు వాడతారు. మామూలు ఊలుకు, లావు నూలు దారానికి 3.5 నుంచి 5 మిల్లీమీటర్లు సరిపోతాయి. దారం చీటీ మీద ఏ సూది వాడాలో ముద్రించే ఉంటుంది, ముందు అది చూడండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు 4 లేదా 5 మిల్లీమీటర్ల సూది, లేత రంగు దారంతో మొదలుపెడితే కుట్లు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి.

సూది దేనితో చేశారన్నదీ ముఖ్యమే. అల్యూమినియం మీద దారం జారుతుంది కాబట్టి పని వేగంగా సాగుతుంది. వెదురు, కర్ర సూదులు దారాన్ని కాస్త పట్టి ఉంచుతాయి. కుట్లు జారిపోతున్నాయని విసుక్కునేవాళ్ళకు అవే మేలు. గంటల తరబడి అల్లేవాళ్ళు మెత్తటి లావు పిడి ఉన్న క్రోషియా సూది మీద డబ్బు పెట్టొచ్చు. జపాన్‌వారి క్లోవర్, హిరోషిమాలో తయారయ్యే ట్యూలిప్ ఇందులో పేరున్నవి. మన దేశపు పోనీ, నిట్‌ప్రో సూదులు కూడా ప్రపంచమంతా అమ్ముడవుతున్నాయి.

రెండోది, మొద్దు మొన, పెద్ద కన్ను ఉన్న కుట్టు సూది. చివరి దారాలను లోపలికి దాచేది ఇదే. ఆ కొసల్ని ముడేసి కత్తిరిస్తే మూడో ఉతుకుకు ఊడిపోతాయి. మూడోది, మంచి కొలత టేపు. నాలుగోది, దారానికి మాత్రమే వాడే పదునైన చిన్న కత్తెర.

ఆ ‘8’తో జాగ్రత్త

ఊలు అల్లే సూది మీద 8 అని ఉంటే అది ఎంత లావు? అమెరికా లెక్కలో 5 మిల్లీమీటర్లు, పాత బ్రిటిష్ లెక్కలో 4. బ్రిటిష్ లెక్కలో అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికాలో ఊలుకు వాడే అల్లిక, క్రోషియా సూదులకు ఇది తలకిందులు. మన దేశంలో చాలాకాలం బ్రిటిష్ అంకెలే నడిచాయి. దోహా దుకాణాల్లోనేమో అన్ని దేశాల సరుకూ పక్కపక్కనే ఉంటుంది. అందుకే అంకెను నమ్మకుండా మిల్లీమీటర్లు చూసి కొనండి. రంధ్రాలున్న చిన్న కొలబద్ద ఒకటి ఉంచుకుంటే ముద్ర చెరిగిపోయిన పాత సూదుల సైజు కూడా తేలిపోతుంది.

నమూనాలు చదివేటప్పుడూ ఇదే తిప్పలు. బ్రిటిష్‌వాళ్ళు డబుల్ క్రోషే అనేదాన్ని అమెరికాలో సింగిల్ క్రోషే అంటారు. నమూనా ఏ దేశానిదో ముందే చూసుకోకపోతే టోపీ కాస్తా గంప అవుతుంది.

పెద్ద పని ఎత్తుకునే ముందు పది సెంటీమీటర్ల ముక్క అల్లి కుట్లు లెక్కపెట్టండి. పది సెంటీమీటర్లకు 20 కుట్లు రావాలని నమూనా చెబితే, వంద సెంటీమీటర్ల చుట్టుకొలతకు 200 కుట్లు వేస్తాం. మీ చేతి బిగువుకు 22 వస్తున్నాయనుకోండి, ఆ స్వెటర్ 91 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు మార్చాల్సింది సూది సైజును. చేతి బిగువు పుట్టుబుద్ధి, దాన్ని తిట్టి లాభం లేదు.

ఉంటే మంచివి, లేకున్నా గడిచేవి

మధ్యలో తీగ ఉన్న సర్క్యులర్ సూదులు కొనదగినవే. బరువంతా ఒళ్ళో ఉంటుంది కాబట్టి మణికట్టుకు శ్రమ తగ్గుతుంది. మెట్రోలో అల్లినా పక్కవాళ్ళ డొక్కలో పొడవదు. టోపీ లాంటి గుండ్రటి పనికి 40 సెంటీమీటర్ల తీగ, శాలువాకు 80 గానీ అంతకు మించిందిగానీ చూసుకోండి.

వరుస ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టే స్టిచ్ మార్కర్లు అవసరమే. కానీ వాటికి డబ్బు పెట్టక్కర్లేదు. క్రోషియాకు పిన్నీసు, రెండు సూదుల అల్లికకు వేరే రంగు దారపు ముడి సరిపోతాయి. వరుసల లెక్కకు కౌంటర్ బదులు కాగితం మీద గీతలు గీసుకోవచ్చు. దారపు ఉండ దొర్లిపోకుండా అమ్మే చెక్క గిన్నెలు చూడముచ్చటగానే ఉంటాయి, వంటింట్లో లోతైన స్టీలు గిన్నె కూడా ఆ పని చేస్తుంది. ఊలు లడీలు ఎక్కువగా కొనేవాళ్ళకే ఉండ చుట్టే యంత్రం, గొడుగులా విచ్చుకునే చట్రం అవసరం. మిగతావాళ్ళకు ఆ పనికి ఇంట్లో ఒక మనిషి రెండు చేతులు చాపితే చాలు.

చాలామంది నిర్లక్ష్యం చేసేది చివరి మెట్టును. అల్లిన లేసును తడిపి, కొలతకు సాగదీసి, గుండుసూదులతో గుచ్చి ఆరబెడితేనే పువ్వులు విచ్చుకుంటాయి. పిల్లలు ఆడుకునే నురుగు చాపలు ఇందుకు పనికొస్తాయి. గుండుసూదులు మాత్రం తుప్పు పట్టని స్టీలువే కొనండి. ఒక్క తుప్పు మరక నెల రోజుల పనిని పాడుచేస్తుంది.

దోహా వాతావరణానికీ కొన్ని జాగ్రత్తలున్నాయి. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కపోతలో చేతి చెమటకు ఊలు అతుక్కుంటుంది, అప్పుడు నూలు దారమే హాయి. షమాల్ గాలి వీచే రోజుల్లో సన్నటి దుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి దారం మీద కూర్చుంటుంది, జిప్ సంచీ దగ్గర ఉంచుకోండి. దారం కొన్నప్పుడు చీటీ మీద రంగు లాట్ నంబరు చూసి, పనికి సరిపడా ఒకేసారి తెచ్చుకోండి. అదే రంగు మళ్ళీ దొరికినా లాట్ మారితే ఛాయ మారుతుంది.

గజెల్ జింక కొమ్ము

గల్ఫ్ ఎడారి స్త్రీల సాదు నేత చూసినవాళ్ళకు పనిముట్ల విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. నేల మీద పరిచిన మగ్గం, ఊలు వడికే కదురు, నేతను బిగించే కత్తిలాంటి చెక్క, పోగుల్ని సర్దే గజెల్ జింక కొమ్ము. ఇంతే సామగ్రి. ఆ కొమ్ము వంపు పోగుల మధ్య దూరి లాగుతుంది, లేసు సూది కొక్కెం చేసే పనీ దాదాపు అదే. గుడారం విప్పి ఒంటె మీద వేసుకుని వెళ్ళాల్సిన బతుకులో అక్కర్లేని వస్తువు ఒక్కటీ మిగలలేదు. ఎర్రటి, నల్లటి, తెల్లటి ఆ నమూనాలను ఇప్పుడు అల్ బైత్ స్టేడియం లోపల చూడొచ్చు.

నరసాపురం అరుగు మీదా, బెదూయిన్ గుడారంలోనూ తేలింది ఒకటే. సరుకు ఎంతుందన్నది కాదు, చేతికీ దారానికీ సూది కుదిరిందా లేదా అన్నదే లెక్క. సూది, మొద్దు మొన సూది, టేపు, కత్తెర. ఈ నాలుగూ మంచివి కొనండి. మిగతా డబ్బు దారం మీద పెట్టండి.

సెలవుకు ఊరెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. సూదులు, కత్తెర చెక్‌ఇన్ పెట్టెలోనే పెట్టండి, విమానాశ్రయంలో వాదన తప్పుతుంది. నరసాపురం వైపు వెళ్తే అక్కడి లేసు కొనండి, వీలైతే అల్లినవాళ్ళ దగ్గరే కొనండి. అల్లిక ఎంత సేపు తినేస్తుందో సూది పట్టిన మీకు తెలుసు కాబట్టి, బేరం ఆడకండి.