జవాబుపత్రమును మరల చూడుమని అడుగుట



ఏటేట ఏప్రిల్ మాసము చివర మా యింటి అరుగుమీద ఒక సభ జరుగుచుండును. దానికి ఆహ్వానపత్రికలు లేవు. పరీక్షాఫలితములు వెలువడిన నాటి సాయంకాలమే తండ్రులు ఫోనులు చేతబట్టుకొని వత్తురు. వారి వెనుక, స్తంభము చాటున, పిల్లలు తల వంచుకొని నిలుతురు. "మాస్టారూ, చూడండి, వీడి నిర్వాకం" అని తండ్రి యనును. పిల్లవాడేమియు ననడు. ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనై బడిలో గడపినవాడను గనుక ఆ మౌనము రెండు విధములని యెరుగుదును. చదువక తప్పినవాని మౌనము వేరు. బాగుగ వ్రాసితినని యెరిగియు, నమ్మువారు లేక నోరు మెదపనివాని మౌనము వేరు. ఈ రెండవవాని పక్షమున నేడు కొంత మాటలాడ దలచితిని.

కొన్నియేండ్ల క్రిందట మా వీధిలోని ఒక రైతు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పిల్ల ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరమున అర్థశాస్త్రములో నూటికి 28 మార్కులతో తప్పెను. ఉత్తీర్ణతకు 35 కావలెను. ఇంగ్లీషులో 61 వచ్చినవి. అవియు తక్కువయే యని ఆమె తలపు. తండ్రి మాత్రము నిర్ణయము చేసికొనియే వచ్చినట్లు కనబడెను. "ఇంక చాలండి, ఒక సంబంధం వచ్చింది, మాట్లాడదామనుకుంటున్నాం" అనెను. పిల్ల నా వంక చూచి, "తాతగారూ, నేను తప్పే పరీక్ష కాదది" అని మాత్రమనెను. ఏడ్వలేదు. అందువలననే నేను విన్నాను.

ఆమెను లోనికి పిలిచి, ప్రశ్నపత్రమును ముందుంచి, ఏ ప్రశ్నకు ఏమి వ్రాసితివో చెప్పుమంటిని. ఇంటర్మీడియట్ అర్థశాస్త్రమున పది మార్కుల ప్రశ్నలు మూడు, అయిదు మార్కులవి ఎనిమిది, రెండు మార్కులవి పదునైదు అప్పుడు వ్రాయవలసియుండెను. ఆమె వేళ్లు మడచి లెక్క చెప్పెను. నడుమ ఒక మాట బయటపడెను. పది మార్కుల ప్రశ్న యొకటి, అయిదు మార్కుల ప్రశ్న యొకటి మొదట విడిచి, చివర జ్ఞాపకము రాగా, రెండు పుటలు ఖాళీగా వదలి, పుస్తకము తుది పుటలలో వ్రాసెనట. అప్పుడు నాకు అనుమానము కలిగెను. ఎందుకనగా ఆ పొరపాటు ఎట్లు జరుగునో నాకు పుస్తకములు చూచి తెలిసినది కాదు, నేనే చేసినవాడను.

ఆ సంగతి దాచనేల? వెనుకటి దినములలో పదవతరగతి పత్రములు దిద్దుటకు నన్ను పట్టణమునకు పంపిరి. మండువేసవి. విద్యుచ్ఛక్తి పోవుచు వచ్చుచుండెను. రోజునకు నలువది పత్రములు దిద్దవలెను. దిద్దువాడు ప్రతి జవాబు ప్రక్కన మార్కు వేసి, దానిని మొదటి పుటమీది పట్టికలో ప్రశ్నసంఖ్య కెదురుగ ఎక్కింపవలెను. ఆ పట్టికను మరియొకరు కూడి చూతురు. వారు కూడునది పట్టికలోని అంకెలనే గాని లోపలి జవాబులను గాదు. ఒకనాటి సాయంకాలము నేనొక పత్రమున చివరి జవాబునకు ఎనిమిది మార్కులు వేసియు పట్టికలో ఎక్కింప మరచితిని. కూడిక సరిగానే యున్నది! మరునాడు మా పై పరీక్షకులు ఏదో పత్రమును తీసి చూడవలెనని తీసిన పత్రము అదియే యగుట ఆ విద్యార్థి పుణ్యము. 32 అని వెళ్లవలసిన మార్కులు 40 అయి వెళ్లెను. ఆ పిల్లవాడెవ్వడో నాకు తెలియదు, పత్రముమీద పేరుండదు గదా. ఆ కట్టలోని నలువదింటిలో ఆయన తీయని పత్రములు ఎన్నియో యున్నవి. వానిని తలచుకొనినప్పుడు నాకిప్పటికిని స్థిమితముండదు.

కాబట్టి మరల చూడుమని అడుగుట ఉపాధ్యాయుని అవమానించుట యని ఎవరైన అన్నచో నేను అంగీకరింపను.

ఇక అడుగుట యన నేమో చెప్పెదను. మనవారు అన్నిటిని కలిపి "రీవాల్యుయేషన్" అందురు. అది సరికాదు. మూడు వేరు వేరు సంగతులు కలవు. మొదటిది రీకౌంటింగ్, అనగా వేసిన మార్కులను మరల కూడుట మాత్రమే. రెండవది రీవెరిఫికేషన్. ఇందులో పత్రమును తెరచి, దిద్దక విడిచిన జవాబు ఏదైన ఉన్నదా, లోపలి మార్కు పట్టికలోనికి ఎక్కినదా అని చూతురు. విడిచిన జవాబున్న దానిని దిద్దుదురు. పత్రము ప్రతియు విద్యార్థికి ఇత్తురు. మూడవది నిజమైన పునర్మూల్యాంకనము, అనగా జవాబును కొత్తగా దిద్దుట. మన రెండు తెలుగు రాష్ట్రముల పదవతరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలకు మొదటి రెండే ముఖ్యమైన మార్గములు. "నా వ్యాసమునకు ఆరు వేసిరి, ఎనిమిది వేయవలసినది" అను వాదము అక్కడ సాగదు. కేంద్ర మాధ్యమిక విద్యామండలి, అనగా సి.బి.ఎస్.ఇ., మూడవదానికి కూడ అవకాశమిచ్చినది. 2025లో ఆ మండలి ఒక మంచి మార్పు చేసెను. ముందు పత్రము ప్రతిని విద్యార్థి చేతికిచ్చి, అది చూచుకొనిన పిమ్మటనే ఫిర్యాదు చేయుమనెను. చీకటిలో బాణము వేయుటకంటె ఇది మేలు గదా! అయితే అక్కడ మరల చూచినప్పుడు మార్కులు తగ్గినను తగ్గినట్లే యుండునని మరువరాదు.

పత్రమును చూచు హక్కు ఎట్లు వచ్చెనో కూడ వినవలెను. 1984లో మహారాష్ట్ర విద్యామండలికి సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, నిబంధనలలో లేనిచో పత్రమును చూపుమని గాని మరల దిద్దుమని గాని అడుగుటకు విద్యార్థికి హక్కు లేదని తీర్పు చెప్పెను. ఇరువది సంవత్సరములకు పైగా ఆ మాటయే నిలిచెను. 2005లో సమాచారహక్కు చట్టము వచ్చెను. 2008లో సి.బి.ఎస్.ఇ. పరీక్ష వ్రాసిన ఒక విద్యార్థి, బాగుగ వ్రాసియు మార్కులు తక్కువ వచ్చినవని చింతించి, ఆ చట్టము క్రింద తన పత్రమును చూపుమని అడిగెను. మండలి నిరాకరించెను. అతడు కలకత్తా హైకోర్టునకు పోయి గెలిచెను. మండలి సుప్రీంకోర్టునకు పోయెను. 2011 ఆగష్టు 9వ తేదీన ఆ కోర్టు, దిద్దిన జవాబుపత్రము సమాచారమే యనియు, వ్రాసినవాడు దానిని చూచి ప్రతి తీసికొనవచ్చుననియు తీర్పు చెప్పెను. దిద్దినవారి పేరు మాత్రము తెలుపనక్కరలేదనెను. అది న్యాయమే, పల్లెలలో మాస్టరు ఇంటిమీదికి పోవు శూరులకు కొదువ లేదు. మరియొక షరతు కూడ ఉన్నది. పత్రములను మండలి భద్రపరచు గడువు ముగిసిన పిమ్మట అడిగిన ప్రయోజనము లేదు. ఈ దరఖాస్తునకు పది రూపాయల రుసుము, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదియు లేదు. ముప్పది దినములలో సమాధానమీయవలెను.

ఇందువలన ప్రతి పరీక్షకును ఈ తలుపు తెరచుకొనునని అనుకొనరాదు. సివిల్ సర్వీసు పరీక్షల విషయమున 2018లో సుప్రీంకోర్టే, అడిగినంత మాత్రమున పత్రములు ఈయనక్కరలేదనెను. న్యాయమూర్తులు తామే కూర్చుండి జవాబులు దిద్దుట తగదని అంతకు ముందు 2017లో చెప్పెను. కోర్టు చివరి మెట్టు. మొదటి మెట్టు పరీక్షామండలియే.

పొరపాట్లు అరుదని ఎవరైన అన్నచో 2019 సంవత్సరమును జ్ఞాపకము చేయవలెను. ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చినవి. మూడు లక్షలకు పైబడి తప్పిరి. తెలుగులో సున్న వచ్చినదని ఒక బాలికకు పత్రిక వచ్చెను. మరల చూడగా 99! దిద్దినవారు యంత్రము చదువు కాగితముమీద తొమ్మిదుల గుండ్రములకు మారుగా సున్నల గుండ్రములను నింపిరి. ప్రభుత్వము తప్పినవారందరి పత్రములను రుసుము లేకుండ మరల చూపించెను. అందు వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైరి. లక్షలలో వెయ్యి స్వల్పమే యని లెక్కలవారు అందురు. కాని ఆ దినములలోనే ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. వారిలో ఎవరు నిజముగా తప్పిరో, ఎవరు తప్పలేదో యను విచారణ వారి తల్లిదండ్రులకు దేనికి పనికివచ్చును? ఆ సంవత్సరము రుసుములు, రీకౌంటింగునకు పత్రమునకు 100 రూపాయలు, ప్రతితోకూడ రీవెరిఫికేషనునకు 600 రూపాయలు. 2025లో ఆంధ్రప్రదేశ్ పదవతరగతి పరీక్షలలో మరల చూపించుకొనిన పత్రములలో 10,000కు పైగా మార్కులు మారినవి.

ప్రవేశపరీక్షల సంగతి వేరు. అక్కడ యంత్రము దిద్దును. ముందుగా జవాబుల పట్టికను ప్రకటించి, తప్పున్న చెప్పుమందురు, జె.ఇ.ఇ., నీట్ పరీక్షలకు ప్రశ్నకు 200 రూపాయలు కట్టవలెను. 2024 నీట్ పరీక్షలో భౌతికశాస్త్రపు ప్రశ్న యొకదానికి రెండు జవాబులను సరియైనవిగా లెక్కించిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు పోగా, ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులు ఒకటే సరియని తేల్చిరి. నాలుగు లక్షలకు పైబడిన విద్యార్థుల మార్కులు తగ్గినవి. ఒక్క ప్రశ్న!

ఇప్పుడు పెద్దలు ఏమి చేయవలెనో చెప్పెదను. ఫలితము వచ్చిన రాత్రి తిట్టవలదు, కొట్టవలదు, ఇతరుల పిల్లలతో పోల్చవలదు. పిల్లను ఒంటరిగా పడుకొననీయవలదు. మరునాడు ప్రశ్నపత్రము ముందుంచుకొని, నేను చేసినట్లు, జవాబు జవాబుగా అడుగవలెను. తాను వ్రాసినదానిని పిల్లలు సాధారణముగా మరువరు. చెప్పిన లెక్కకును వచ్చిన మార్కునకును అయిదారు భేదమున్న ఊరకుండవచ్చును, ఆశ సహజము. ఒక సబ్జెక్టులో మాత్రమే పెద్దగా పడిపోయినను, తక్కిన పరీక్షల తీరునకు పొందకున్నను, జవాబులను వరుస తప్పించి వ్రాసినను, తప్పక అడుగవలెను. గడువు కొద్దిదినములే. దరఖాస్తు ఆన్‌లైనులో చేయవలెను. హాల్‌టికెట్టు సంఖ్యను ఇద్దరు చదివి సరిచూడవలెను. రసీదును భద్రపరచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనదొకటి. మరల చూడుమని దరఖాస్తు పెట్టితిమిగదా యని సప్లిమెంటరీ పరీక్షకు రుసుము కట్టుట మానవలదు. రెండు గడువులును ఇంచుమించుగా ఒకేసారి వచ్చును. ఫలితము కొరకు ఎదురుచూచి, అది మారకపోగా, రెండవ పరీక్షయు తప్పిపోయి సంవత్సరము పోగొట్టుకొనినవారిని ముగ్గురిని చూచితిని. చదువుచునే యుండవలెను.

మా వీధి పిల్లచేత రెండు సబ్జెక్టులకును దరఖాస్తు పెట్టించితిని. సప్లిమెంటరీకి రుసుము కట్టించితిని. ఇంగ్లీషునకు వలదంటిని, ఆమె వినలేదు. తండ్రి సంబంధపు మాట ఒక నెల వాయిదా వేయుటకు, నా మొగము చూచి, ఒప్పుకొనెను. తరువాత పత్రము ప్రతి వచ్చెను. ఫోనులో పుటలు త్రిప్పుచుంటిమి. ఖాళీగానున్న రెండు పుటలు దాటిన పిమ్మట, నిండుగా వ్రాసిన జవాబులు రెండు కనబడెను. అంతకుముందు పుటలన్నిటను ఎఱ్ఱసిరా గుర్తులున్నవి. ఆ పుటలమీద మొదట ఒక్క గుర్తును వేయలేదని, తరువాత వేరొక రంగు సిరాతో 7, 4 అని వేసిన మార్కులవలన తెలిసెను. మొత్తము 39.

ఆ తండ్రి ఆ పుటను చాలసేపు చూచెను. అతడు చదివినది అయిదవతరగతి. "ఇదంతా మా పిల్ల రాసిందేనాండి?" అని అడిగెను.

ఆమె డిగ్రీ ముగించి ఇప్పుడు బి.ఇడి. చదువుచున్నది. ఇంగ్లీషులో 61 మారలేదు. ఆ 600 రూపాయలు వృథా అయినవని ఆమె తండ్రి ఇప్పటికిని అరుగుమీద కూర్చున్నప్పుడెల్ల నాతో అనుచుండును.