కాగితపు చుట్టలలో దొరికిన నక్షత్రము

ఎం.ఎస్సి. ముగించి పరిశోధనలో చేరిన విద్యార్థి మొదటి సంవత్సరముననే ఏదో నూతన విషయమును కనుగొనవలెనని ఆరాటపడుట సహజము. కాని ఆ యేడు అతనికి ఎక్కువగా దొరకునది కూలిపనియే. పరికరమును నిర్మించుట, చెడినప్పుడు బాగుచేయుట, కొలతలను ఓపికతో వ్రాసి ఉంచుట - ఇవి పరిశోధనకు ముందు చేయు పనులు కావు, పరిశోధనలో భాగములే. జోసలిన్ బెల్ అను విద్యార్థిని అనుభవము ఇందుకు మంచి ఉదాహరణము.

ఉత్తర ఐర్లండులో పుట్టిన ఈమె 1965లో ఆంటొనీ హ్యూయిష్ వద్ద పరిశోధనకై కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరెను. మొదటి రెండేండ్లు సమ్మెటతోను, తీగలతోను గడచినవి. నాలుగున్నర ఎకరముల పొలములో వేయికి పైగా కంబములు నాటి, రెండువేలకు పైగా ఏంటెన్నాలు కట్టి, కొద్దిమంది కలిసి రేడియో దూరదర్శినిని నిర్మించిరి. 1967 జూలై నుండి అది దినమునకు 96 అడుగుల కాగితముపై గీతలు గీయుచుండెను. వానిలో ఆకాశమునుండి వచ్చినది ఏది, భూమిమీది యంత్రముల అలజడి ఏది అని కంటితో చూచి విడదీయుట బెల్ పని.

కొన్ని వారములకు ఈ రెంటిలో దేనినీ పోలని చిన్న గజిబిజి గీత ఆమె కంటబడెను. ఇదివరకెక్కడనో చూచినట్లు తోచి పాత చుట్టలు విప్పగా, అది ఆకాశమున ఒకే చోటినుండి వచ్చుచున్నట్లు తేలెను. నక్షత్రములు ప్రతిదినము సుమారు 4 నిమిషములు ముందుగా ఉదయించును గదా! ఈ గీతయు ఆ లెక్కనే అనుసరించుచుండెను. మనుష్యుల యంత్రములు సూర్యుని గడియారముతో నడచును గాని నక్షత్రముల గడియారముతో నడువవు.

కాగితమును వేగముగా నడిపి మరల చూడబోగా, వారములతరబడి ఏమియు కనబడలేదు. నవంబరు 28న కనబడెను. 1.33 సెకనుల కొకసారి, తప్పకుండ, ఒక స్పందనము! ఇది మానవ నిర్మితమే అయియుండునని హ్యూయిష్ మొదట తలచెను. మరియొక దూరదర్శినితో చూచిరి; అందును కనబడెను. డిసెంబరులో ఆకాశమున వేరొకచోట అట్టిదే ఇంకొకటి బెల్‌కు దొరికెను. 1968 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో ఈ విషయము ప్రకటింపబడెను. ఇవియే పల్సార్లు, అనగా అతివేగముగా తిరుగు న్యూట్రాన్ నక్షత్రములు.

మన పాఠశాలలలో దీనికి విరుద్ధమైన అలవాటొకటి కలదు. లోలకముతో గురుత్వ త్వరణమును కొలుచు విద్యార్థి, 9.8 రావలెనని ముందే ఎరిగినందున, సరిపడని కొలతను చెరిపి సరిపడునది వ్రాయును. మార్కులు వచ్చును. అట్టి చేతికి బెల్ చూచిన గీత చిక్కినచో రబ్బరుకు బలియగును. వింతగానున్న కొలతను కొట్టివేయక, ప్రక్కన తేదీ, వేళ, సందేహము వ్రాసి మరల కొలువవలెను. చాలసార్లు అది పొరపాటే అగును. ఆ సంగతియు వ్రాయవలసినదే.

బెల్ తాను తీసికొన్న అంశమును విడువలేదు. ఆమె సిద్ధాంత గ్రంథములో పల్సార్లకు అనుబంధమున మాత్రమే చోటు దక్కెను. 1974లో నోబెల్ బహుమానమును హ్యూయిష్, మార్టిన్ రైల్ పంచుకొనిరి. అందు ఆమె పేరు లేదు. ఇది అన్యాయమని ఫ్రెడ్ హోయిల్ బహిరంగముగానే విమర్శించెను. 2018లో ఆమెకు 30 లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ బహుమానము లభింపగా, ఆ ధనమునంతయు భౌతికశాస్త్ర పరిశోధన విద్యార్థుల వేతనములకై ఇచ్చివేసెను.