పొట్లం మీది మాట, పొట్లం లోపలి సరుకు

దైవప్రవక్త (సఅసం) ఒకసారి ధాన్యపు రాశి ప్రక్కగా వెళుతూ అందులో చేయి పెట్టి చూశారు. వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే తడిసిన గింజలను జనానికి కనబడేట్టు పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. వంచించేవానితో తనకు సంబంధం లేదన్నారు. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. గమనించవలసిందేమంటే, ఆ వర్తకుడు నోటితో అబద్ధమాడలేదు, చేయి పెట్టవద్దని అడ్డుకోనూ లేదు. పొడి గింజలు పైన, తడి గింజలు క్రింద ఉన్నాయి, అంతే. సరుకులోని లోపాన్ని మరుగుపరచడాన్ని ఫిఖ్హ్ పండితులు ‘తద్‌లీస్’ అన్నారు. లోపం తెలియక కొన్నవానికి సరుకు తిప్పి ఇచ్చే హక్కును గుర్తించారు.

నేటి అంగడిలో రాశికి బదులు అట్టపెట్టెలు, పొట్లాలు వచ్చాయి. ముందువైపు రంగురంగుల అక్షరాలలో ఆరోగ్యం, బలం. వెనుకవైపు ఆవగింజంత అక్షరాలలో అసలు సంగతి. వెనుక అంతా వ్రాశాం గదా, దాచిందేముందని తయారీదారులు వాదిస్తారు. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం.

విరేచనాలతో నీరసించిన బిడ్డకు పట్టే ఓఆర్‌ఎస్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం, లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. గ్లూకోజు, సోడియం తగుపాళ్ళలో ఉన్నప్పుడే ప్రేగు నీటిని చక్కగా పీల్చుకుంటుంది. చక్కెర మితిమీరితే నీరు ప్రేగులోకే ఊరి విరేచనాలు ఎక్కువవుతాయి. అయినా ఆ మూడక్షరాలను పేరులో కలుపుకొని, ఈ పాళ్ళు లేని తీపి పానీయాలు మందుల షాపులలో అమ్ముడుపోయాయి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం కాదని ఒక వాక్యం ముద్రిస్తే చాలునంటూ భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో అనుమతించింది కూడా! అర్ధరాత్రి షాపుకు పరుగెత్తిన తల్లి ఆ వాక్యం చదువుతుందా? హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం తరువాత, 2025 అక్టోబరులో సంస్థ ఆ అనుమతిని ఉపసంహరించింది.

తడి సంగతి ఎక్కడో ఒక మూల తెలిపితే చాలునని ప్రవక్త (సఅసం) అనలేదు, పైన కనబడాలన్నారు. చిలీ దేశం 2016 నుండి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన పొట్లాల ముందువైపునే నల్లని అష్టభుజి హెచ్చరిక ముద్రింపజేస్తున్నది. ఈ లెక్కన అది మన హదీసుకు ఎంతో దగ్గరగా ఉన్నది.

మన దేశంలో మాత్రం రాశిలో చేయి మనమే పెట్టాలి. దినుసుల పేర్లు బరువును బట్టి, ఎక్కువ ఉన్నది ముందుగా వ్రాస్తారు. పైన బహుధాన్యాలని ఉండి, వెనుక మొదటి పేరు మైదా అయితే అన్నిటికంటే ఎక్కువ ఉన్నది మైదాయే. చక్కెర, గ్లూకోజు సిరప్, తేనె అని విడివిడిగా వ్రాస్తే ఒక్కొక్కటి జాబితాలో క్రిందికి జారుతుంది. మొత్తం తీపిని చూడాలంటే ‘అదనపు చక్కెరలు’ అన్న వరుస చూడాలి. రోజుకు 50 గ్రాములన్న లెక్కపై శాతం అక్కడే ఉంటుంది. అయితే ఆ శాతం ఒక ‘సర్వింగ్’కు మాత్రమే. పొట్లమంతా తినేవాడు ఎన్ని సర్వింగులో హెచ్చవేసుకోవాలి. సోడియంను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు తెలుస్తుంది: 800 మిల్లీగ్రాములంటే 2 గ్రాముల ఉప్పు. రోజంతటికీ 5 గ్రాములకు లోపుగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇక వేరుశనగ నూనెపై ‘కొలెస్టరాల్ లేదు’ అన్న గొప్ప చూస్తే నవ్వు వస్తుంది. ఏ గింజనూనెలోనూ అది చెప్పుకోదగినంత ఉండదు.

మన ఇళ్ళలో చాలామంది పచ్చచుక్క చూసి తృప్తిపడతారు. దివ్య ఖుర్‌ఆన్ (2:168) హలాల్‌తో పాటు తయ్యిబ్‌ను, అనగా పరిశుద్ధతను, జతచేసింది. పచ్చచుక్క రెంటికీ పూర్తి పూచీ కాదు. 471 సంఖ్య గల పదార్థం వృక్షజమా జంతుజమా అన్న సందేహాన్ని అది తీరుస్తుంది. సువాసన ద్రవ్యాలను కరిగించిన మద్యసారం గురించి మాత్రం ఏమీ చెప్పదు. గోధుమరంగు త్రికోణమున్న సరుకులో జిలటిన్ ఉంటే, అది ఏ జంతువుదో, జబహ్ ఎలా జరిగిందో ఆ గుర్తు తెలుపదు. అటువంటప్పుడు తయారీదారునే అడగాలి. ఫిర్యాదుల కోసం చిరునామా, ఫోను నంబరు పొట్లంపై ముద్రించడం చట్టరీత్యా తప్పనిసరి.