ముల్లు ఊగగానే మీటర్ విప్పకండి

2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన బళ్లకు ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. బండి అసలు రూపం చెడకుండా ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. ఇంజినూ, బాడీ విషయంలో ఈ శ్రద్ధ చాలామందికి ఉంది. స్పీడోమీటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం విన్న మాటలే వైద్యం. బాగు చేయగల మీటర్లు ఆ మాటల వల్లే పాడైపోతున్నాయి.

అపోహ: ముల్లు వణికితే మీటర్ పోయినట్టే.

ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని. గేర్‌బాక్స్ నుంచి మీటర్ దాకా ఒక తొడుగు, దాని లోపల గిర్రున తిరిగే ఉక్కు తీగ ఉంటాయి. గ్రీజు ఎండిపోయినా, ఎక్కడైనా నొక్కుకుపోయినా ఆ తీగ పట్టేస్తూ వదిలేస్తూ తిరుగుతుంది. ముల్లు ఆ కుదుపునే చూపిస్తుంది. కేబుల్ దారిలో గట్టి మలుపు ఉన్నా ఇంతే. వంపు వ్యాసార్ధం 6 అంగుళాలకు తగ్గకూడదు. లోపలి తీగను బయటికి లాగి, నున్నటి బల్ల మీద దొర్లించి చూడండి. ఒకచోట ఎగిరిపడితే అది వంకరపోయింది, మార్చాల్సిందే.

ఏది ఆగిందో గమనిస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. ముల్లూ, దూరం చూపే అంకెలూ రెండూ ఆగితే కేబుల్ తెగి ఉంటుంది, లేదా గేర్‌బాక్స్ దగ్గరి పినియన్ అరిగి ఉంటుంది. రెండిట్లో ఒకటే ఆగితే లోపం మీటర్ లోపల ఉంది. విప్పే పని అప్పుడే.

అపోహ: కేబుల్‌కి గ్రీజు ఎంత దట్టిస్తే అంత మంచిది.

తిరిగే తీగ ఆ గ్రీజును పైకి ఎక్కించి మీటర్‌లో పోస్తుంది. అందుకే గ్రీజు పల్చగా రాసి, తీగను తొడుగులో పెట్టాక పైనుంచి ఓ 8 అంగుళాలు బయటికి లాగి, శుభ్రంగా తుడిచి మళ్లీ దూర్చాలి. గేర్‌బాక్స్ దగ్గరి సీలు పోతే ఆయిల్ కూడా ఇదే దారిన వస్తుంది.

ఆ జిడ్డు చేసే నష్టం తెలియాలంటే మీటర్ పనితీరు తెలియాలి. 1902లో ఒట్టో షుల్జే జర్మనీలో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. కేబుల్ తిప్పేది ముల్లును కాదు, ఒక అయస్కాంతాన్ని. దాని చుట్టూ ఎక్కడా తగలకుండా ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి, గిన్నె కూడా అటే తిరగబోతుంది. సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు బలాలూ సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. మధ్యలోని ఆ సన్నటి సందులో జిడ్డు చేరితే గిన్నె అయస్కాంతానికి అతుక్కున్నట్టు ఈడ్చుకుపోతుంది, ముల్లు ఎక్కువ వేగం చూపిస్తుంది. అయస్కాంతం బలహీనపడితే తక్కువ చూపిస్తుంది.

అపోహ: ఎక్కువ చూపిస్తుంటే ముల్లు పీకి వెనక్కి పెడితే సరి.

అన్ని వేగాల్లోనూ ఒకేలా 5 ఎక్కువ చూపిస్తే ఈ వైద్యం పనిచేస్తుంది. 30 దగ్గర 33, 60 దగ్గర 66 చూపిస్తుంటే పనిచేయదు. ఇలాంటి తేడాకి కారణం చాలాసార్లు మీటర్ బయటే ఉంటుంది. అసలు సైజు కన్నా చిన్న టైర్లు వేస్తే, అదే దూరానికి చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. పాత అంబాసిడర్‌కి ఇసుజు ఇంజిన్‌తో పాటు ఐదు గేర్ల గేర్‌బాక్సు ఎక్కించి పాత మీటరే ఉంచినా లెక్క మారిపోవచ్చు.

సరిచూసుకునే దారి ఆ డయల్ మీదే ఉంటుంది. స్మిత్స్ లాంటి మీటర్లలో డయల్ కింది అంచున చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది, ఉదాహరణకు 1000. మైలుకు కేబుల్ అన్ని చుట్లు తిరగాలని దానర్థం. కిలోమీటర్ల డయల్ అయితే కిలోమీటరుకు. 60 వేగం అంటే నిమిషానికి ఒక మైలు కదా, అంటే నిమిషానికి 1000 చుట్లు తిప్పినప్పుడు ముల్లు సరిగ్గా 60 మీద నిలవాలి. ఇంత చక్కటి లెక్కను కళ్లెదుటే పెట్టుకుని మెకానిక్ అంచనాకి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

బండిలో కేబుల్ నిజంగా ఎన్ని చుట్లు తిరుగుతోందో కూడా తెలుసుకోవచ్చు. మీటర్ దగ్గర కేబుల్ ఊడదీసి, లోపలి తీగ కొసకు కాగితం ముక్క అంటించండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి బండిని తిన్నగా 20 మీటర్లు నెట్టించి, కాగితం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. దాన్ని 50తో గుణిస్తే కిలోమీటరుకు, ఆ వచ్చినదాన్ని మళ్లీ 1.609తో గుణిస్తే మైలుకు. జాకీ మీద ఒక్క వెనక చక్రాన్నే లేపి తిప్పితే డిఫరెన్షియల్ వల్ల లెక్క తప్పుతుంది. వచ్చిన అంకె డయల్ మీది అంకెతో కలవకపోతే మీటర్ నిర్దోషి.

అపోహ: ముల్లు ఆగి ఆగి దూకుతుంటే పాడైనట్టే.

1930ల ఎంజీ కార్లలో, పాత నార్టన్, వెలోసెట్ మోటారు సైకిళ్లలో క్రోనోమెట్రిక్ మీటర్లు ఉండేవి. గడియారం లాంటి యంత్రం కొద్ది క్షణాల చుట్లను లెక్కపెట్టి, ముల్లును అక్కడ ఉంచి, మళ్లీ లెక్కపెడుతుంది. వాటిలో ముల్లు మెట్లు మెట్లుగానే కదలాలి.

అపోహ: డయల్ మాసిపోతే పెట్రోలుతో తుడవచ్చు.

అంకెల రంగు లేచిపోతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. చీకట్లో మెరిసే పూత ఉన్న చాలా పాత డయళ్లతో ఇంకో ప్రమాదం ఉంది: కొన్నిటిలో రేడియం వాడారు. మెరుపు పోయింది కాబట్టి భయం లేదనుకుంటారు. పోయింది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ శక్తి మాత్రమే. రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. అలాంటి డయల్‌ని గోకకండి, ఊదకండి, అద్దం కూడా తీయకండి.