రెండు డిస్కులున్నా సర్వర్ ఎందుకు లెగవలేదు? సాఫ్ట్‌వేర్ రెయిడ్ బూట్ సమస్య

మాచర్ల నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు టాపిక్ ఫోన్ కాదు. కానీ ఫోన్ లోగో దగ్గర ఆగిపోతే కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేసిన వాళ్లు మాత్రం చివరిదాకా చూడండి.

మా బావకి ఇక్కడ ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ఫొటోలు, వీడియోలు అన్నీ ఒక పాత కంప్యూటర్‌లో పెడతాడు. దాన్ని లినక్స్ సర్వర్‌గా మార్చింది నేనే. 2 టీబీ డిస్కులు రెండు పెట్టి సాఫ్ట్‌వేర్ రెయిడ్ వన్ చేశా. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాస్తుందనమాట. వేరే కార్డు అక్కర్లేదు, లినక్స్ కెర్నలే చూసుకుంటుంది. 1988లో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు రాసిన రెయిడ్ పేపర్‌లో ఆ 'ఐ' అక్షరానికి అర్థం 'ఇనెక్స్‌పెన్సివ్', అంటే చౌక. మా బావకి నచ్చింది ఆ ఒక్క మాటే.

వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఫోన్. "ఒరేయ్, సిస్టమ్ లెగవట్లేదు. సాయంత్రం పెళ్లివాళ్లు ఆల్బమ్ సెలక్షన్‌కి వస్తున్నారు." నేను వెళ్లేసరికి షాపులో కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టి, ఓఎస్ మళ్లీ వేద్దామని రెడీగా ఉన్నాడు. "బావా, ఏదీ నొక్కమాక" అన్నా. ఇంకో రెండు క్లిక్‌లు పడుంటే డిస్క్ ఫార్మాట్ అయ్యేది.

స్క్రీన్ మీద ఒకే మాట: బూట్ డివైస్ లేదు. "ఒకటి పోతే ఇంకోటి ఉందన్నావు కదరా?" అని బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

సంగతేంటంటే, సర్వర్ లేవడం ఒక్క అడుగులో జరగదు. ముందు బయాస్ లేస్తుంది. అది డిస్క్ మొదటి సెక్టార్‌లో ఉండే చిన్న కోడ్‌ని పట్టుకుంటుంది. ఆ సెక్టార్ మొత్తం 512 బైట్లే. అక్కణ్ణుంచి గ్రబ్, గ్రబ్ నుంచి కెర్నల్, దాంతోపాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక సిస్టమ్. అది రెండు డిస్కుల్ని జతచేసి అసలు సిస్టమ్‌కి అప్పజెప్తుంది. నేను రెయిడ్ చేసింది పార్టిషన్లని. మొదటి సెక్టార్ పార్టిషన్‌లో ఉండదు, కాబట్టి అది రెండో డిస్క్‌కి కాపీ అవదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గ్రబ్ ఎక్కడ వేయాలని అడిగితే నేను మొదటి డిస్క్ ఒక్కదానికే టిక్ పెట్టా. ఆ డిస్కే పోయింది. తప్పు నాదే. డేటా రెండో డిస్క్‌లో భద్రంగా ఉంది, లోపలికి దారే లేదు. కొత్త యూఈఎఫ్ఐ మెషీన్లలోనూ ఇదే గొడవ. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ మామూలుగా రెయిడ్ బయటే ఉంటుంది.

అందుకే ఎక్కడ ఆగిందో చూడండి. బూట్ డివైస్ లేదంటే గ్రబ్ దాకా కూడా రాలేదని. గ్రబ్ రెస్క్యూ అని వస్తే గ్రబ్ మొదలైంది కానీ దాని ఫైళ్లు దానికి దొరకలేదు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగితే కెర్నల్ వచ్చింది, రూట్ దొరకలేదు. చాలాసార్లు డిస్కుల జత మొదలవకపోవడమో, యూయూఐడీ మారడమో కారణం.

మేం ముందు సాటా కేబుల్ మార్చి చూశాం. లాభం లేదు. తర్వాత లినక్స్ లైవ్ యూఎస్‌బీతో లేపి ఎండీస్టాట్ ఫైల్ చూస్తే, అర్రే పేరు ఎండీ 127 అని, పక్కన 'ఇనాక్టివ్' అని ఉంది. బావ మొహం వాడిపోయింది. నిజానికి దానర్థం పోయిందని కాదు, జతలో ఒకటి తగ్గింది కాబట్టి తనంతట తాను మొదలవకుండా ఆగిందని. ఎండీఆడ్మ్ కమాండ్‌కి రన్ ఆప్షన్ ఇస్తే ఒక్క డిస్క్‌తోనే లేచింది. ఇక్కడ పొరపాటున కూడా క్రియేట్ ఆప్షన్ వాడొద్దు. అది పాత వివరాల మీద కొత్తవి రాసేస్తుంది. రిపేర్ కంటే ముందు రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి ఫొటోలన్నీ బయటి డ్రైవ్‌కి కాపీ పెట్టా. సాయంత్రం సెలక్షన్ ఆ డ్రైవ్‌తోనే, నా ల్యాప్‌టాప్‌లో అయింది.

రాత్రి సీహెచ్‌రూట్ చేసి, మిగిలిన డిస్క్‌కి గ్రబ్ ఇన్‌స్టాల్ చేస్తే సర్వర్ లేచింది. కొత్త డిస్క్ వచ్చాక ఇంకో జాగ్రత్త. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు నమ్మొద్దు, డిస్క్ తీస్తే అవి మారిపోతాయి. స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ చూసే తీయండి. పార్టిషన్ టేబుల్ కాపీ చేసేటప్పుడు ఏది పాతది, ఏది కొత్తది అని రెండుసార్లు చూడండి, తిరగబడితే ఖాళీ టేబుల్ వచ్చి మంచి డిస్క్ మీద పడుద్ది. తర్వాత యాడ్ చేస్తే సింక్ మొదలవుతుంది. సెకనుకు 150 ఎంబీ వేగమైతే 2 టీబీకి దాదాపు నాలుగు గంటలు. ఎండీస్టాట్‌లో ఒక యూ, పక్కన అండర్‌స్కోర్ ఉన్నచోట రెండు యూలు వచ్చేదాకా ఆగి, ఈసారి రెండు డిస్కులకీ గ్రబ్ వేశా.

మిషన్ ఆఫ్ చేసి, మొదటి డిస్క్ కేబుల్ పీకి, మళ్లీ ఆన్ చేయమన్నా. బావ ఒప్పుకోలేదు. బయటి డ్రైవ్‌లో కాపీ చూపించాకే స్విచ్ నొక్కాడు. లేచింది. ఆ డ్రైవ్ ఇప్పుడు స్టూడియోలో కాదు, వాళ్ల ఇంటి బీరువాలో ఉంటుంది. ఫొటో పొరపాటున డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది కదా.

మీ సర్వర్ ఆగిపోతే కామెంట్‌లో "పనిచేయట్లేదు బ్రో" అని కాకుండా, స్క్రీన్ మీద చివరి లైను ఏముందో రాయండి. చూసి చెప్తా.